గుండెల బొక్క

మా ముత్తాత నరసింగరావు దేశ్‌ముఖ్ కృష్ణకు ఇవతలి ఒడ్డున పదకొండు గ్రామాలకు శిస్తు వసూలు చేసిన మనిషి. మా తాత రంగారావు గారి కాలానికి ఆ పదకొండు నాలుగయ్యాయి. అయినా ఆయన వీపనగండ్ల నుంచి గోపాల్‌పేటకు బండిలో పోతుంటే ఎదురొచ్చినవాళ్లు చెప్పులు విడిచి పక్కకు నిలబడేవారట. మా నాన్న కాలంలో భూపరిమితి చట్టం వచ్చింది, దాని వెంట కోర్టు వాయిదాలు వచ్చాయి. నాకు బుద్ధి తెలిసేసరికి మా గడీలో మిగిలినవి కప్పు కారే నాలుగు గదులు, ఒక బావి, తాత కూర్చున్న టేకు కుర్చీ. దీన్ని ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ పాత హోదా ఒక రోగి కేసు షీటులోకి వచ్చి కూర్చున్న వైనం రాయబోతున్నాను.

పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలైన కొన్నేళ్లకు, నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ మొదటి తేదీన ఈ మూడింటిలో ఒకదాని ప్రభుత్వ ఆసుపత్రిలో చేరాను. హోదా సివిల్ సర్జన్, పని జనరల్ ఫిజీషియన్. ఏ ఆసుపత్రో రాయను. పొరపాటు నాది, ఆ ఆసుపత్రిది కాదు.

ఆడవాళ్ల మెడికల్ వార్డు, మగవాళ్ల మెడికల్ వార్డు రెండూ నా యూనిట్ కిందే ఉండేవి. నాకు సహాయంగా డాక్టర్ శ్రావణి అనే అమ్మాయిని ఇచ్చారు. తెనాలి దగ్గర పుట్టి, హైదరాబాదులో చదువుకుని, ప్రభుత్వానికి రాసిచ్చిన బాండు ప్రకారం ఏడాది పనిచేయడానికి వచ్చిన మనిషి. మా పద్ధతి ఇదీ. రోగి చేరగానే శ్రావణి జబ్బు చరిత్ర అడిగి నీలం సిరాతో కేసు షీటు రాసేది. నేను రౌండ్సులో చదివి, అవసరమైన చోట ఎర్ర సిరాతో దిద్దేవాణ్ణి. నీలం మీద ఎర్రదే చెల్లుతుంది.

తాత టేకు కుర్చీని గడీ నుంచి తెప్పించి నా ఓపీ గదిలో వేయించుకున్నాను. ప్రభుత్వ కుర్చీలో నడుము నొప్పి పుడుతోందని సూపరింటెండెంటు గారికి చెప్పాను. అసలు కారణం అది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఎత్తు వీపు, సింహం తలల చేతులు ఉన్న కుర్చీ అది. దాని ముందు రోగి కోసం ఒక ఇనుప స్టూలు ఉండేది. మా వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ స్టూలు మీద కూర్చునేవారు కారు. నిలబడి మాట్లాడేవారు, ముసలివాళ్లు కింద కూర్చునేవారు. నన్ను ‘దొరా’ అని పిలిచేవారు. వద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు.

సెప్టెంబరు చివర, యాసంగి పల్లికి దుక్కులు దున్నే రోజుల్లో, జములమ్మ అనే ఆమెను తీసుకొచ్చారు. ముప్పై ఏళ్లు దాటలేదు. ఇద్దరు పిల్లల తల్లి. వెంట తల్లి బాలమ్మ, భర్త కుర్మయ్య ఉన్నారు. వాళ్లది వీపనగండ్ల అవతల ఊరు, ఒకప్పుడు మా పదకొండు గ్రామాల్లో ఒకటి. నెల రోజులుగా జ్వరం. సాయంత్రానికి చలి పెట్టి వస్తుంది, తెల్లారేసరికి చెమట పట్టి తగ్గుతుంది. ఊళ్లో సూది వేసే ఆయన మూడు రోజులు సూదులు వేస్తే తగ్గింది, వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ మూడు సూదులు, మళ్లీ అదే కథ. ఇప్పుడు దగ్గు, ఆయాసం, పక్కల్లో పోటు. మనిషి ఆనవాలు లేకుండా చిక్కిపోయింది. అంతకు రెండు నెలల ముందు దవడ పన్ను పుచ్చి, చిగురు వాచి, చీము పట్టిందని ఆమె చెప్పింది. ఆ మాట శ్రావణి రాసింది. నేను దాటేశాను.

చిన్నప్పుడు పెద్ద జబ్బులేమైనా చేశాయా అని శ్రావణి అడిగితే బాలమ్మ చెప్పిన మాట ఇది:

“ఏడాది పిల్లప్పుడు పట్నం దవాఖానల జూపిస్తె గుండెల బొక్క ఉన్నదన్నరు. కట్టు కట్టిస్తిమి. కూడుకున్నది.”

శ్రావణి కేసు షీటులో ‘పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్నట్టు తల్లి చెబుతోంది’ అని రాసింది.

తెలియనివారి కోసం ఒక మాట. గుంటూరు, కృష్ణా వైపు బొక్క అంటే రంధ్రం. మా పాలమూరులో బొక్క అంటే ఎముక. కాలు విరిగితే బొక్క విరిగిందంటాం, కూరలో మెత్తటి మాంసంతో పాటు బొక్కలు వేయించుకుంటాం. రంధ్రాన్ని తూటు అంటాం. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇక్కడ గుండె అంటే ఛాతీ మొత్తం. లోపల కొట్టుకునేదాన్ని గుండెకాయ అని వేరే చెబుతారు. ఇవన్నీ నాకు ఉగ్గుపాలతో వచ్చిన మాటలు.

రౌండ్సులో ఆ వాక్యం చూడగానే నవ్వొచ్చింది. జములమ్మ మంచం దగ్గరికి పోయి, నా రొమ్ము ఎముక మీద వేలు పెట్టుకుని, బాలమ్మను అడిగాను. బొక్క అంటే ఈ బొక్కేనా అని.

“అవును దొరా,” అంది బాలమ్మ.

కట్టు ఎవరు కట్టారని అడిగాను. గోపాల్‌పేట దిక్కు ఒక ముసలాయన కట్టేవాడట. కోడిగుడ్డు సొన, ఏదో ఆకు పసరు కలిపి పూసి, గుడ్డతో ఛాతీ చుట్టూ మూడు అమావాస్యలు కట్టాడట. ఇంకేం కావాలి? చిన్నప్పుడు ఛాతీ ఎముకకు దెబ్బ తగిలింది, నాటు కట్టుతో నయమైంది. శ్రావణి రాసిన వాక్యాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి అదే రాశాను. వార్డులో అందరూ వింటుండగా ఆమెకు చిన్న పాఠం కూడా చెప్పాను. మీ వైపు మాట వేరమ్మా, ఇది మా నేల, ఇక్కడి మనుషుల మాట పుస్తకాల్లో దొరకదు అన్నాను.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. మర్మర్ గట్టిగా ఉంది సార్, చెయ్యి పెడితే చేతికి కూడా తెలుస్తోంది అంది. మర్మర్ అంటే గుండె చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు హోరు. నేను స్టెతస్కోపు పెట్టి విన్నాను. హోరు ఉంది, నిజమే. రక్తం ఏడు గ్రాములకు పడిపోయిన మనిషిలో హోరు వినిపించడం మామూలే అని చెప్పాను. చేతికి తగలడం మాత్రం రక్తహీనతతో రాదు. ఆ సంగతి మెడికల్ కాలేజీ మూడో ఏటి విద్యార్థికి కూడా తెలుసు. చెయ్యి పెట్టి చూస్తే సరిపోయేది. పెట్టలేదు. ఎముక అని ఎర్ర సిరాతో రాసిన తర్వాత ఇక వెతకవలసింది నాకు కనిపించలేదు.

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు. పనుల కోసం బొంబాయి, పూణే పోయి వచ్చే మా ప్రాంతంలో నెల జ్వరం, దగ్గు, చిక్కిపోవడం, ఊపిరితిత్తుల్లో మచ్చలు అంటే ముందు గుర్తొచ్చేది క్షయ. తెమడ పరీక్ష రెండుసార్లు చేయించాను, రెండుసార్లూ లేదనే వచ్చింది. అయిదు రోజులు నరానికి యాంటీబయాటిక్ ఇచ్చాం. మూడో రోజుకు జ్వరం తగ్గింది, ఆపగానే తిరగబెట్టింది. ఊళ్లో సూదులాయన చేసిందే నేనూ చేశాను. ఆయన స్కూటరు మీద వచ్చి చేశాడు, నేను సింహం తలల కుర్చీలోంచి లేచి వచ్చి చేశాను. తొమ్మిదో రోజు ఉదయం, తెమడలో దొరకకపోయినా క్షయ మందులు మొదలుపెట్టేద్దామని నిర్ణయించుకుని కార్డు నింపించి రౌండ్సుకు బయలుదేరాను.

జములమ్మ పక్క మంచం మీద లక్ష్మీబాయి ఉండేది. తెలకపల్లిలో భర్తతో కలిసి మాంసం దుకాణం నడిపే ఆమె. చక్కెర వ్యాధితో కాలి పుండు మానక చేరింది. నోటికి అడ్డూ ఆపూ లేదు. నేను వార్డు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు వినిపించింది.

“ఏందే బాలమ్మా, గుండెల బొక్కనా? నలభై ఏండ్ల సంది మ్యాకలు కోస్తున్న. ఏ గుండెకాయల బొక్క కానరాలే. ఉంటే మావోడు తూకంల ఎయ్యకుండ ఇడిసిపెడ్తుండెనా?”

“మ్యాకలది నాకు తెల్వదక్కా,” అంది బాలమ్మ. “పట్నం డాక్టరే జెప్పిండు. కాయితం మీద గుండెకాయ బొమ్మ గీసి, నడుమ సున్న బెట్టి, ఇగో ఈడ బొక్క ఉన్నదమ్మా, పెద్దగైతుంటె అదే కూడుకుంటది అన్నడు.”

“సున్న బెట్టిండా?”

“ఆ, సున్ననే.”

“ఓసి నీ అమాయకం పాడుగాను! బొక్కకు సున్న ఎందుకు బెడ్తడే? కట్టెలెక్క గీస్తడు గాని. సున్న బెట్టిండంటె అది తూటు!”

మంచం మీద నుంచి జములమ్మ ఆయాసపడుతూ అంది: “నా గుండెల ఏముంటె ఏందే అమ్మా, జర నీళ్లియ్యి ముందు.”

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. నా వెనక శ్రావణి ఉంది.

లోపలికి పోయి బాలమ్మకు ప్రిస్క్రిప్షన్ చీటీ, పెన్ను ఇచ్చి, ఆనాడు డాక్టరు గీసిన బొమ్మ ఎట్లా ఉందో గీయమన్నాను. ఆమెకు చదువు రాదు. కానీ నలభై ఏళ్లుగా ముగ్గు వేసిన చెయ్యి. ఒక్క గీతలో గుండెకాయ ఆకారం దించి, మధ్యలో నిలువుగా గోడలాగా ఒక గీత గీసి, ఆ గీత మీద చిన్న సున్న చుట్టింది. గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం. ఏ గుండె వైద్యుడు గీసినా అట్లాగే గీస్తాడు. ఆ పట్నం డాక్టరు బొక్క అన్నది శ్రావణి వైపు అర్థంలో, బాలమ్మ విన్నది మా వైపు అర్థంలో.

మరి ఆ రోజు నేను వేలు పెట్టి అడిగితే అవునన్నావు కదా అన్నాను.

“మీరు ఏలు పెట్టి సూపెట్టిరి దొరా,” అంది బాలమ్మ. “మీరు సూపెట్టినంక కాదంటనా?”

అప్పుడు జములమ్మ రొమ్ము మీద ఎడమ పక్కన అరచెయ్యి పెట్టాను. పిల్లి గురగురలాడినట్టు చేతి కింద అదురు తెలిసింది. తొమ్మిది రోజులుగా అది అక్కడే ఉంది.

ఈ జబ్బు గురించి కొంచెం చెప్పాలి. పుట్టుకతో గుండె గోడలో చిన్న రంధ్రం ఉన్న పిల్లల్లో చాలామందికి అది ఎదుగుతున్నకొద్దీ మూసుకుపోతుంది. కొందరికి మూసుకోదు. చిన్నదైతే ఆ మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. పొలం పని చేస్తుంది, బిడ్డల్ని కంటుంది, బిందె నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. కానీ ఆ సందులోంచి రక్తం చిమ్మనగొట్టంలోంచి వచ్చినట్టు దూసుకొచ్చి ఎదుటి గోడనో, కవాటాన్నో కొడుతూ ఉంటుంది. దెబ్బ తిన్న ఆ చోటు గరుకవుతుంది. పుచ్చిన పంటి నుంచో, చీము పట్టిన చిగురు నుంచో క్రిములు రక్తంలోకి దిగితే పోయి ఆ గరుకు చోటనే పట్టుకుంటాయి, గూడు కట్టుకుంటాయి. కవాటం మీద కండలాగా పెరుగుతాయి. దీన్నే ఎండోకార్డైటిస్ అంటాం. ఆ కండ ముక్కలు ముక్కలుగా తెగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎక్స్‌రేలో నేను క్షయ అనుకున్న మచ్చలు అవే. పెద్ద ముక్క తెగితే మనిషి నిమిషాల్లో పోవచ్చు. క్రిమి ఏదో తెలియాలంటే యాంటీబయాటిక్ పడకముందే రక్తం తీసి, సీసాల్లో పెంచి చూడాలి. మందు పడ్డాక తీస్తే సీసాల్లో ఏమీ పెరగకపోవచ్చు, లోపల గూడు మాత్రం చావదు.

క్షయ కార్డు చింపించాను. అరగంటకొకసారి చొప్పున మూడుసార్లు, వేరు వేరు చోట్ల నుంచి రక్తం తీయించాను. మా దగ్గర కల్చరు వసతి లేదు, సీసాలు మహబూబ్‌నగర్ పంపాం. రక్తం తీయడం పూర్తికాగానే, ఏ క్రిమి అయినా కావచ్చునన్న లెక్కన మూడు మందులు కలిపి మొదలుపెట్టాను. మరునాడు అంబులెన్సులో మహబూబ్‌నగర్‌కు, గుండె ఎకో పరీక్షకు పంపుతూ నేనూ వెంట పోయాను. తెర మీద మూడు రేకుల కవాటం తెరుచుకుని మూసుకుంటుంటే, ఒక రేకుకు పల్లిగింజంత ముద్ద వేలాడుతూ ఊగుతోంది. దాని ఎదురుగా గోడలో సన్నటి సందు. పరీక్ష చేస్తున్న డాక్టరు చిన్నవాడు. ఇన్నాళ్లు ఎవరు చూశారు సార్ ఈవిడను అని అడిగాడు. నేనే అని చెప్పాను.

తిరిగొచ్చి బాలమ్మను, కుర్మయ్యను ఓపీ గదికి పిలిపించాను. కూర్చోమంటే ఇద్దరూ స్టూలు వంక చూసి నిలబడే ఉన్నారు. వాళ్లు నిలబడి ఉండగా చెప్పాల్సిన మాట కూర్చుని చెప్పడం నాకు కుదరలేదు. లేచి నిలబడి చెప్పాను. గుండె గోడలో తూటు ఉంది, అది చిన్నప్పటిది, కూడుకోలేదు. దాని పక్కన కవాటానికి చీము పట్టింది. మొదటి రోజే శ్రావణమ్మ సరిగ్గా రాసింది, నేను కొట్టేశాను. తొమ్మిది రోజులు పోయాయి. ఇక హైదరాబాదు పంపాలి.

కుర్మయ్య తలెత్తాడు.

“మరి తొమ్మిది దినాలు ఏం జూసినట్టు సారూ?”

తప్పు చూశానని చెప్పాను.

బాలమ్మ అల్లుడి చెయ్యి పట్టుకుని గుంజింది. “ఎవలతోని మాట్లాడుతున్నవు రా? దొర...”

“దొరైతె ఏంది అత్తా? పానం నా పెండ్లాందే గద,” అన్నాడు కుర్మయ్య. గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి, “పట్నంల గూడ గిట్లనే ఒక మాటకు ఇంకో మాట అనుకుంటె? మాకు సదువు రాదు. వాళ్ల మాట మాకు తెల్వదు, మా మాట వాళ్లకు తెల్వదు. ఈడ మా ఊరి దొరకే తెల్వకపాయె.”

ఆ ప్రశ్న న్యాయమైనది. ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా అడిగారు కానీ అంత సూటిగా ఎవరూ అడగలేదు. రెఫరల్ చీటీ నేనే రాశాను. ఏ మందు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఇచ్చానో, రక్త పరీక్షకు ముందే యాంటీబయాటిక్ ఇవ్వడం నా పొరపాటేనని, చదివేవారు వెతుక్కోనక్కరలేకుండా మొదటి పంక్తిలోనే రాశాను. తర్వాత ఒక అట్టముక్క మీద బాలమ్మ గీసినట్టే గుండెకాయ, మధ్య గోడ, దాని మీద సున్న గీసి, దాని పక్కన కవాటం మీద ఒక చుక్క పెట్టి కుర్మయ్యకు ఇచ్చాను. ఎవరు ఏ మాటతో అడిగినా నోటితో చెప్పొద్దు, ఇది చూపించు అన్నాను. అతను దాన్ని మడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. పోతూ, “మంచిది సారూ” అన్నాడు. ఆ రోజు తర్వాత అతను నన్ను మళ్లీ దొర అనలేదు.

ఆ సాయంత్రం కేసు షీటు సంగతి వచ్చింది. మా శాఖలో నియమం, రాసినదాన్ని చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. సూపరింటెండెంటు గారు నా మేలు కోరే మనిషి. షీటు కొత్తగా రాసి పెట్టండి డాక్టరు గారూ, రేపు ఆడిట్‌లో ఎవరైనా అడిగితే మీకే ఇబ్బంది అన్నారు. మా ఇంట్లో పత్రాలు మార్చి రాసిన అలవాటు లేదని చెప్పాను. అది కూడా వంశగర్వమే. కాకపోతే ఈసారి పనికొచ్చింది. నా ఎర్ర వాక్యాన్ని నేనే కొట్టేసి, ‘డాక్టర్ శ్రావణి రాసినది సరైనది’ అని రాసి సంతకం చేశాను. శ్రావణి దాన్ని చదివి, “సార్, మర్మర్ గురించి కూడా రాయాలి కదా” అంది. రాశాను.

సీసాలు మూడింటిలోనూ ఏమీ పెరగలేదు. ఊళ్లో సూదులూ నా అయిదు రోజుల మందూ కలిసి క్రిమి ఆనవాలు దొరక్కుండా చేశాయి. అందువల్ల హైదరాబాదులో వాళ్లు కూడా కళ్లకు గంతలు కట్టుకున్నట్టే వైద్యం చేయవలసి వచ్చింది. క్రిమి తెలిస్తే ఒకటి రెండు మందులతో సరిపోయేది. తెలియక, మూత్రపిండాలకూ చెవులకూ చెరుపు చేసే మందును కూడా రెండు వారాలు వాడక తప్పలేదు. ఆరు వారాల వైద్యంలో రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు మా వార్డులో. ఆ నాలుగు వారాలు జములమ్మకు నరం దొరకడమే పెద్ద పని. రెండు చేతులూ వాచిపోయాయి. హెడ్ సిస్టర్ ఒక్కతే ఆమెకు నొప్పి లేకుండా సూది ఎక్కించగలిగేది. ఆమె సెలవు పెట్టిన రోజు జములమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. కుర్మయ్య పల్లి విత్తనం తమ్ముడికి అప్పగించి వార్డు వరండాలోనే ఉన్నాడు. లక్ష్మీబాయి కాలి పుండు మానేదాకా అక్కడే ఉండి, వచ్చిన ప్రతివాళ్లకూ, “తూటు కనుక్కున్నది నేనే, వీళ్లు కాదు” అని చెప్పుకునేది. ఆ మాట అబద్ధం కాదు.

జ్వరం పోయింది. ఊపిరితిత్తుల మచ్చలు మానాయి. మరుసటి ఏడు వేసవికి ముందు హైదరాబాదులో ఆపరేషన్ చేసి రంధ్రానికి అతుకు వేశారు, కారుతున్న కవాటాన్ని బాగుచేశారు. పుచ్చిన పళ్లు రెండు ముందే తీయించారు. ఎడమ చెవికి మాత్రం వినికిడి చాలావరకు పోయింది, తిరిగి రాలేదు. ఆ మందు వాడవలసిన అవసరం రావడంలో నా పాలు ఉంది.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు చూపించుకోవడానికి వచ్చింది. మొహం నిండింది. చెవి ఎట్లా ఉందని అడిగాను.

“మంచిగనే ఉన్నది దొరా. మా అత్తను ఈ దిక్కు కూసోవెట్టుకుంటున్న,” అని ఎడమ చెవి చూపించింది. “ఎంత తిట్టినా రేడియో బందువెట్టినట్టే.”

పక్కనున్న కుర్మయ్య నవ్వాడు. బాలమ్మ, “దొర ముంగట ఏం మాటలే” అని కూతుర్ని కసిరింది. శ్రావణి బాండు అప్పటికి పూర్తయింది. ఆమె గుండె జబ్బుల పై చదువుకు పోయిందని తర్వాత తెలిసింది.

ఈ కేసు నుంచి నేర్చుకున్నవి రాస్తాను. చిన్నప్పుడు గుండెలో రంధ్రం ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, అది మూసుకుందని పరీక్షతో తేలేదాకా ఉన్నట్టే అనుకోవాలి. అటువంటి మనిషికి వారం దాటి జ్వరం ఉంటే సూది వేయించుకునే ముందు రక్తం పరీక్షకు తీయించాలి. పంటి పుచ్చును చిన్న విషయంగా చూడకూడదు. ఇవి పుస్తకాల్లో ఉన్నవే, నాకు ముందే తెలిసినవే. పుస్తకంలో లేనిది వేరు. రోగిని అడిగేటప్పుడు జవాబును మన వేలితో చూపించకూడదు. చూపిస్తే అవునంటారు. ఆ అవును ఎముకకు కాదు, వేలు ఎవరిదో దానికి. బాలమ్మ మాట నాకు అర్థం కాకపోవడానికి కారణం ఆ భాష తెలియకపోవడం కాదు. అది నాదేనని అనుకోవడం. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి రోగికీ చీటీ, పెన్ను ఇచ్చి, ఎక్కడుందో మీరే గీయండి అనేవాణ్ణి. కొందరు నవ్వేవారు, కొందరు గీసేవారు.

జములమ్మ ఆ రోజు కూడా ఓపీ గదిలో నిలబడే మాట్లాడింది. ఛాతీ కోసి మూడు నెలలైన మనిషి, స్టూలు పక్కనే ఉన్నా కూర్చోలేదు. మరునాడు స్టోరుకు ఇండెంటు రాసి, ఒకే ఎత్తున్న రెండు ఇనుప కుర్చీలు తెప్పించి ఎదురెదురుగా వేయించాను. టేకు కుర్చీని గోపాల్‌పేటలో పాత కలప కొనే ఆయనకు అమ్మేశాను.